పట్టూ విడుపూ

కూతురికి జడ వేస్తూ ఉండగా వినీల కుడిచెయ్యి ఆగిపోయింది.

మూడు పాయలూ సగం దాకా అల్లింది. అక్కడినుంచి బొటనవేలూ చూపుడువేలూ జడను చెరోవైపు పట్టుకుని కదలడం మొదలుపెట్టాయి. అడ్డంగా కాస్త, పొడుగునా కాస్త, మళ్లీ అడ్డంగా. జడ లావు ఎంతో తేల్చుకునేదాకా వదిలేలా లేవు. జడేమో మెత్తనిది. నొక్కితే తగ్గుతుంది, వదిలితే పొంగుతుంది. ఎంతసేపు పట్టుకున్నా దానికి ఒక కొలతంటూ ఉండదు.

"అమ్మా, స్కూల్ బస్సొస్తది" అంది మైత్రి. దానికి ఆరేళ్లు. "అమ్మా, నొస్తుంది."

వినీల ఎడంచేత్తో తన కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటిగా పైకి లేపింది. తనవి కానట్టు, బిగుసుకున్న డబ్బా మూత తీసినట్టు తీసింది. గబగబా రబ్బరు బ్యాండు చుట్టేసింది.

మధుకర్ టిఫిన్ డబ్బా పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి చూస్తున్నాడో.

"మళ్లా అయ్యిందా?"

"తిమ్మిరి. సరిగ్గ పడుకోలే."

"నెలరోజులసంది తిమ్మిరేనా?"

వినీల చెప్పులు వేసుకుని కూతుర్ని కిందికి తీసుకుపోయింది. మెట్లు దిగుతున్నంతసేపూ రెయిలింగు పైపు కేసి చూడకుండా, చెయ్యి నడుముకు ఆనించుకుని నడిచింది.

*

శతతార ప్రెసిషన్ జీడిమెట్లలో ఉంది. హెలికాప్టర్ల గేర్‌బాక్సులు తయారుచేస్తారు. వరదల్లో మనుషుల్ని తీసుకొచ్చే పెద్ద హెలికాప్టర్లకు అవే వెళతాయి. వాటిలో తిరిగే ఇరుసులాంటి షాఫ్టు కొలవడానికి కోట్ల ఖరీదు చేసే యంత్రాలు అక్కడ ఉన్నాయి. కానీ గేర్‌బాక్సు లోపల బిగించిన తర్వాత షాఫ్టు లావు వెంట్రుకలో ముప్పయ్యో వంతు మారుతుంది. అదెంత మారిందో బిగించిన చోటే కొలవాలి. ఆ ఇరుకు సందులోకి యంత్రం దూరదు. మైక్రోమీటర్ అనే చిన్న కొలపరికరం పట్టుకున్న మనిషి చెయ్యి ఒక్కటే దూరుతుంది. కళ్లకు కూడా ఏమీ కనపడదు. అంతా చేతికి తెలియవలసిందే.

అలా తెలిసిన చెయ్యి కంపెనీ మొత్తంలో కొమురయ్యది ఒక్కటే. ముప్పయ్యొక్క ఏళ్లుగా ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గర ఉన్నాడు. ఎవరైనా నేర్చుకోవడానికి వస్తే చెప్పేది ఒకటే.

"అడ్డం ఊపితే పెద్ద అంకె దొరకాలె. పొడుగు ఊపితే చిన్నది దొరకాలె. రెండూ ఒక్కకాడ దొరికినయనుకో, గదే షాఫ్టు కొలత. దానికి ముందు దొరికింది కొలత గాదు, నీ తొందర."

వినడానికి రెండు మాటలే. చేతికి రావడానికి మూడేళ్లు పట్టేది. ఆ మూడేళ్లు ఓపిక పట్టినవాళ్లు లేరు.

అక్కడే ఇంజనీరుగా పనిచేసే వినీల ఒక పట్టీతో ఆ మూడేళ్లను పదకొండు రోజులకు కుదించింది. మోచేతి కిందినుంచి మణికట్టు దాకా కట్టుకునే పట్టీ అది. మొదట కొమురయ్య చేతికి కట్టి, అతను కొలుస్తున్నప్పుడు నరాల్లో పరిగెత్తే సంకేతాలన్నిటినీ రాసుకుంది. ఆరువేల కొలతలు. తర్వాత అదే పట్టీ కొత్తవాళ్ల చేతికి కడితే ఆ సంకేతాలు వాళ్ల నరాల్లోకి వెళతాయి. మొదటిరోజు పట్టీయే చేతిని నడుపుతుంది. పదకొండో రోజుకి పట్టీ తీసేసినా చెయ్యి తనంతట తాను నడుస్తుంది.

రాసుకునేటప్పుడు ఆమె ఒక పని చేసింది. తెర మీద రీడింగ్ రాగానే అక్కడికి కత్తిరించేది. ఆ తర్వాత కొమురయ్య ముక్కు గోక్కునేవాడు, టీ గ్లాసు అందుకునేవాడు. అదంతా చెత్త అనుకుంది. కొలత దొరికేదాకా జరిగినదే కావాలి, దొరికిన తర్వాత జరిగేది ఎవరికి కావాలి?

తొలి పట్టీ తన చేతికే కట్టుకుంది. తొమ్మిదో రోజు గేర్‌బాక్సు సందులోకి చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. మైక్రోమీటర్ అంచు షాఫ్టు మీద ఆనింది. చెయ్యి అడ్డంగా ఊగింది, పెద్దది దొరికింది. పొడుగునా ఊగింది, చిన్నది దొరికింది. ఎక్కడ ఆగాలో చేతికి తెలిసిపోయింది. చెప్పిన అంకెకూ కొమురయ్య అంకెకూ ఒక్క మైక్రాను, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, తేడా కూడా లేదు. ఆవిడ అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. కొమురయ్య పక్కన నిలబడి, "నా చెయ్యి నీకు ఎట్లొచ్చింది బిడ్డా" అని ఆమె అరచెయ్యి తిప్పి తిప్పి చూశాడు.

ఆ తర్వాత రెండు వారాలకు పందొమ్మిది మంది కొత్తవాళ్లకు పట్టీలు కట్టారు.

*

అందరిలోకీ రిజ్వానా ముందు నేర్చుకుంది. ఇరవై రెండేళ్ల అమ్మాయి. షాపూర్‌నగర్‌లో తల్లితో ఉంటుంది. పెళ్లిళ్లలో గోరింటాకు డిజైన్లు వేసేది. ఆ చేతివాటం వల్లనేమో, ఏడో రోజుకే కొమురయ్యతో సమానంగా కొలవసాగింది.

"కాకా, నీ చెయ్యి నాకొచ్చింది. ఇగ నువ్వు ఇంటికి పోయి రెస్ట్ తీస్కో" అనేది.

"నా చెయ్యి వచ్చిందిగని నా తలకాయ రాలే గద. అది వచ్చినంక చూద్దాంలే" అనేవాడు కొమురయ్య.

క్యాంటీన్‌లో వినీల ఆ కొత్తవాళ్లకు నాలుగు బల్లల అవతల కూర్చునేది. ఒకరోజు మధ్యాహ్నం భోజనం ముగిసింది. రిజ్వానా స్టీలు గ్లాసు పట్టుకుని నవ్వుతూ ఏదో చెబుతోంది. మాటలు ఆగాయి, నవ్వు ఆగింది. చెయ్యి మాత్రం గ్లాసు చుట్టూ అడ్డంగా, పొడుగునా ఊగుతూనే ఉంది. ఆ అమ్మాయి దానికేసి చూసి, ఎడంచేత్తో గ్లాసు లాగేసి, పక్కవాళ్లతో ఏదో జోకు వేసింది. పక్కన కూర్చున్న కుర్రాడి వేళ్లు కుర్చీ కాలు మీద ఉన్నాయి. అవీ ఊగుతున్నాయి.

వినీల చూపు తిప్పుకుంది. గబగబా పెరుగన్నం కలుపుకుంది. తన చెయ్యి బల్ల కింద చీర కుచ్చిళ్లు పట్టుకుని ఉంది. గుండ్రంగా లేనిది ఏదైనా పట్టుకుంటే చెయ్యి కుదురుగా ఉంటుందని అప్పటికే ఆమెకు తెలిసిపోయింది.

ఆ సాయంత్రమే మూడోవారం నివేదిక పూర్తిచేయాలి. చివర్లో ఒక గడి ఉంది, 'దుష్ప్రభావాలు' అని. ఆమె కంప్యూటరు ముందు చాలాసేపు కూర్చుంది. రెండున్నర వారాల్లో హెలికాప్టర్ల కంపెనీవాళ్లు తనిఖీకి వస్తున్నారు. ఇది తాత్కాలికమే, తగ్గిపోతుంది, నాలుగో వారంలో రాయొచ్చు అనుకుంది. 'గమనించలేదు' అని టైపు చేసింది.

గమనించలేదు. ఆ మాట ఆమెను ఇంటిదాకా వెంటాడింది. బస్సు స్టాపులో నిలబడలేక నడిచింది. నడుస్తూ దుప్పట్ల దుకాణం ముందు వెదురు గుంజ, చెరుకు రసం బండి చక్రం ఇరుసు, ఎవరిదో ఊతకర్ర, గుండ్రంగా ఉన్న ప్రతిదాన్నీ తప్పించుకుంటూ పోయింది. నగరంలో ఇన్ని గుండ్రటి వస్తువులు ఉన్నాయని అంతకు ముందు ఎప్పుడూ తోచలేదు.

*

నాలుగు రోజుల తర్వాత పొద్దున ఆఫీసులో అడుగుపెట్టగానే తెలిసింది. ముందురోజు సాయంత్రం అయిదున్నరకు రిజ్వానా బస్సులోంచి పడిందని, భుజం ఎముక జారిందని, మోకాలి కింద చర్మమంతా గీరుకుపోయిందని.

"ఫుట్‌బోర్డు మీద వేలాడి ఉంటది. ఈ పిల్లలు చెప్తే వింటరా" అన్నాడు ఎండీ దయాకర్ రావు. "పండ్లు పంపిద్దాం. నువ్వు పోయి చూసి రామ్మా వినీలా."

ఆసుపత్రి వార్డులో రిజ్వానా కిటికీ పక్క మంచం మీద ఉంది. తల్లి ఫాతిమాబీ బత్తాయి తొనలు ఒలిచి పెడుతోంది. వినీలను చూసి లేచి, కుర్చీ ఇచ్చి, నీళ్లు తేవడానికి వెళ్లింది.

"ఫుట్‌బోర్డు మీద ఉన్నవా?" అనడిగింది వినీల.

"లేదు మేడం. మంచిగ దిగుతున్న. ఒక కాలు కిందవెట్టిన. చెయ్యి రాడ్డును ఇడ్వలే." రిజ్వానా కప్పుకేసి చూస్తూ మాట్లాడుతోంది. "నేను ఇడుస్తున్న అనే అనుకున్న. అది ఊపుకుంటనే ఉంది. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అన్నట్టు. డ్రైవరు చూసుకోలే, బండి కదిలింది. కొంచెం దూరం నేను గూడ పోయిన దాంతో."

వినీల కుర్చీని మంచానికి దగ్గరగా జరుపుకుంది.

"ఇంట్ల గూడ అయితుంది. మొన్న ఒక పెండ్లిపిల్లకి మెహెందీ వెట్టనీకి పోయిన. ఆమె వేలు పట్టుకున్న. డిజైన్ వెయ్యనియ్యలే చెయ్యి. వేలు కొలుస్తనే ఉంది. ఆ పిల్ల భయపడి చెయ్యి గుంజుకుంది. వాళ్లమ్మ ఇంకొకామెను పిలిపిస్త అన్నది." తన చేతికేసి చూసుకుని, "మాకే అయితుందా మేడం, కాకాకి గూడ అయితదా?" అంది.

"కొమురయ్యకు కాదు."

"మరి మీరు గూడ కట్టుకున్నరు గద?"

వినీలకు చెప్పే అవసరం రాలేదు. రిజ్వానా కళ్లు కిందికి దిగాయి. మంచం పక్క కమ్మీని వినీల కుడిచెయ్యి ఎప్పుడు పట్టుకుందో పట్టుకుంది. అడ్డంగా ఊగుతోంది. పొడుగునా ఊగుతోంది.

ఇద్దరూ ఆ చేతిని చూశారు. వినీల దాన్ని లాక్కోవడానికి ప్రయత్నించలేదు.

"ఎప్పటిసంది?" అంది రిజ్వానా.

"అయిదు వారాలు."

రిజ్వానా పెదవులు కదిలాయి. మనసులో లెక్క వేసుకుంటోంది.

"మాకు పట్టీలు కట్టి నాలుగు వారాలు గూడ కాలే మేడం."

ఫాతిమాబీ నీళ్ల గ్లాసుతో వచ్చింది. రిజ్వానా తల గోడవైపు తిప్పుకుంది. వినీల గ్లాసు అందుకోలేదు. దాహంగా ఉన్నా, వద్దమ్మా అని లేచింది.

*

ఆసుపత్రినుంచి సరాసరి కొమురయ్య టేబుల్ దగ్గరికి వెళ్లింది.

"కొలత అయిపోయినంక మీరు ఎట్లా విడుస్తరు?"

కొమురయ్యకు ప్రశ్న అర్థం కాలేదు. "విడుసుడేంది బిడ్డా? అయిపోతే విడుస్త."

"అయిపోయిందని ఎట్లా తెలుస్తది?"

అతను అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆమె ముఖంలో ఏదో కనిపించి, తేలిగ్గా కొట్టిపారెయ్యకుండా ఆలోచించాడు. "తెల్వదు. అంటే, పూరాగ ఎన్నడూ తెల్వదు. నూటికి నూరుపాళ్లు తెల్వాలంటే పొద్దుగూకేదాంక గీడనే కూసోవాలె. ఇంత తెలిస్తె సాలు అనిపిస్తది. చెయ్యి లేస్తది. ఊకె కూసుంటె మిగిలిన షాఫ్టులు ఎవరు కొలవాలె?"

ఆమె అతని చేతికి మళ్లీ పట్టీ కట్టింది. ఈసారి ఎక్కడా కత్తిరించలేదు. మూడు రోజులు, మూడు వందల కొలతలు. సంకేతాలను తెర మీద పరుచుకుని చూసినప్పుడు ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. కొమురయ్య చెయ్యి విడవడం మొదలయ్యేది రీడింగ్ వచ్చాక కాదు. అంతకు ముందే. సెకనులో అయిదోవంతు ముందు, ఇంకా కొంచెం అనుమానం మిగిలి ఉండగానే, విడుపు మొదలవుతోంది. పట్టూ విడుపూ ఒకదానిలో ఒకటి కలిసే ఉన్నాయి. తను వాటిని రీడింగ్ దగ్గర కోసేసింది. ఆ పందొమ్మిది మంది చేతులకూ, తన చేతికీ వెతకడం మాత్రమే నేర్పింది. చాలించడం నేర్పలేదు.

తప్పు దొరికిందంటే మందు కూడా దొరికినట్టే అనుకుంది. విడుపు సంకేతాలను వేరుచేసి, కొత్త పట్టీలో ఎక్కించి, మొదట తనే కట్టుకుంది. అయిదు రోజులు. ఆరోరోజు గ్లాసు పట్టుకుంటే చెయ్యి గ్లాసును చక్కగా వదిలేసింది. వినీల పట్టరాని సంతోషంతో ఆ గ్లాసును పదిసార్లు పట్టుకుంది, పదిసార్లు వదిలింది. మైత్రికి జడ వేసింది. మధుకర్ నెల రోజుల తర్వాత మొదటిసారి ఆమె పక్కన కూర్చుని టీ తాగాడు.

ఆ ఆదివారం పొద్దున ముగ్గురూ కూరగాయలకు బయల్దేరారు. సూరారం చౌరస్తా దగ్గర రోడ్డు దాటాలి. మైత్రి చెయ్యి వినీల కుడిచేతిలో ఉంది. సగం రోడ్డు దాటారు. ఎడమనుంచి నీళ్ల ట్యాంకరు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. వినీల కూతురి మణికట్టును గట్టిగా పట్టుకోబోయింది. వేళ్లు ఆ చిన్ని మణికట్టు చుట్టూ బిగిశాయి. బిగిసిన మరుక్షణం, ఇంత చాలు అన్నట్టు, విచ్చుకున్నాయి.

పిల్ల రోడ్డు మధ్యలో ఒంటరిగా నిలబడిపోయింది.

మధుకర్ వెనకనుంచి దూకి రెక్క పట్టుకుని లాగాడు. ట్యాంకరు దుమ్ము రేపుకుంటూ పోయింది. నీళ్లు కొన్ని మైత్రి గౌను మీద చిందాయి. పిల్ల ఏడవలేదు. తల్లి ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.

ఇంటికొచ్చి తలుపు వేశాక మధుకర్ అడిగాడు, చాలా నెమ్మదిగా.

"తిమ్మిరి కాదు గద?"

వినీల అంతా చెప్పింది. నివేదికలో రాసిన మాటతో సహా. అతను విని, లేచి మైత్రి తడిసిన గౌను మార్చడానికి వెళుతూ గుమ్మంలో ఆగాడు.

"ఆ పిల్లలకు చెప్పినవా?"

"లేదు."

"ఇంట్ల మాకు గూడ చెప్పలే" అన్నాడు. ఆ రోజంతా పిల్లను తనే ఎత్తుకుని తిరిగాడు.

*

సోమవారం ఉదయం దయాకర్ రావు గదిలో ఏసీ చల్లగా ఉంది. వినీల చెప్పినదంతా ఆయన బల్ల మీద పెన్ను దొర్లిస్తూ విన్నాడు.

"కొత్త పట్టీ అంటివి గద, దాంతోని సరిచేద్దాం."

"అది కట్టకూడదు సర్. విడువనిదాన్ని విడవమని చెప్తే అన్నిటినీ విడిచిపెడ్తుంది. ఎప్పుడు చాలో పట్టీ చెప్పలేదు."

"మరేం చేద్దామంటవు?"

"పట్టీలు ఆపెయ్యాలె. పిల్లలకు నిజం చెప్పాలె. వచ్చేవాళ్లకు గూడ చెప్పాలె."

"ఎల్లుండి వస్తున్నరమ్మా వాళ్లు." ఆయన గొంతులో కోపం లేదు, బతిమాలినట్టే ఉంది. "వాళ్లు చూసి పోనీ. తర్వాత ఒక్కొక్కళ్లను పిలిచి మెల్లగ చెప్దాం. కొలతలల్ల ఏం తప్పు లేదు గద? గేర్‌బాక్సులు మంచిగనే పోతున్నయి. ఆ పిల్ల బస్సుల పడ్డది. అంతే."

వినీలకు ఆ మాటలు కొత్తగా అనిపించలేదు. ఇవే మాటలు, ఇదే గొంతుతో, మూడు వారాలుగా తన తలలో తిరుగుతున్నాయి. నాలుగో వారంలో రాద్దాం. తర్వాత చెబుదాం. ఇంకొక్కసారి చూద్దాం. తన చెయ్యి గుంజ చుట్టూ చేసేదే తను కూడా చేసింది.

ఆమె అక్కడనుంచి లేచి క్యాంటీన్‌కు వెళ్లింది. మధ్యాహ్నం భోజనాల వేళ. పద్దెనిమిది మందీ ఉన్నారు. స్టూలు ఎక్కలేదు, మైకు అడగలేదు. వాళ్ల బల్ల దగ్గర నిలబడి, అందరికీ కనపడేలా తన కుడిచేతిని నీళ్ల జగ్గు మీద పెట్టింది. చెయ్యి జగ్గును పట్టుకుని, రెండుసార్లు ఊపి, దభాలున వదిలేసి, మళ్లీ పట్టుకుంది. కొత్త పట్టీ, పాత పట్టీ ఒకే చేతిలో కొట్లాడుకుంటున్నాయి.

"మీకు అయితున్నదే నాకు గూడ అయితుంది" అంది. "మీకంటే ముందునుంచి అయితుంది. నాకు తెలిసే మీకు పట్టీలు కట్టిన. రిపోర్టుల 'గమనించలేదు' అని రాసిన. రిజ్వానా పడ్డది దానివల్ల."

చివర్న కూర్చున్న ఒకమ్మాయి తన చేతిని ఒళ్లోంచి తీసి బల్ల మీద పెట్టింది. చపాతీలు చేయడానికి వారం నుంచీ భయపడుతున్నానని, కర్ర పట్టుకుంటే చెయ్యి రావడం లేదని, అత్తగారు దయ్యం పట్టిందంటోందని చెప్పింది. ఇంకొకడు బండి హ్యాండిలు గురించి చెప్పాడు. ఎవరికి వాళ్లు తమకొక్కరికే ఏదో అయిందనుకుని దాచుకున్నారు. అన్నీ ఒక్కసారిగా బయటకొచ్చాయి. ఒకడు వినీల మీద కేకలు వేశాడు. ఆమె నిలబడి విన్నది.

*

తనిఖీకి వచ్చినవాళ్లకు వినీల తన నివేదికను తానే సరిదిద్ది ఇచ్చింది. పట్టీలు తాళం వేసిన గదిలోకి పోయాయి. ఆ వారాంతానికి వినీల ఉద్యోగం కూడా పోయింది. కొలతలు మాత్రం ఎవరో ఒకరు తీయాలి, దానికి ముందు ఆ చేతులు విడవడం నేర్చుకోవాలి. అందుకని కొమురయ్య ఇంటి ముందు రేకుల షెడ్డులో ఒక పొడుగాటి బల్ల వేయించుకున్నాడు. దాని మీద, వస్తువును కదలకుండా పట్టి ఉంచే నాలుగు వైసులు బిగించి, వాటిలో పాత షాఫ్టులు పెట్టాడు. వచ్చినవాళ్ల చేతి మీద తన చెయ్యి వేసి, కొలిచేవాడు, విడిచేవాడు. రోజుకు రెండు వందల సార్లు. పట్టీ పదకొండు రోజుల్లో ఎక్కించినది దిగడానికి నెలలు పట్టేలా ఉంది.

నాలుగో నెలకు పన్నెండు మందికి చేతులు మునుపటిలా అయ్యాయి. నలుగురికి కొంత. ఇద్దరు రావడం మానేశారు. వాళ్లెలా ఉన్నారో ఎవరికీ తెలియదు.

వినీల రోజూ వచ్చేది. ఎవరికి ఎంత తగ్గిందో పుస్తకంలో రాసేది, టీలు పోసేది. కొమురయ్య ఎన్నిసార్లు పిలిచినా బల్ల దగ్గర మాత్రం కూర్చునేది కాదు. మిగిలినవాళ్ల పని అయిపోనీ అనేది. ఇంట్లో మైత్రి రోడ్డు దాటేటప్పుడు తనంతట తానే వచ్చి తల్లి ఎడంచెయ్యి పట్టుకోవడం నేర్చుకుంది. మధుకర్ మాట్లాడుతున్నాడు, కానీ ఏదైనా అడిగి జవాబు విన్నాక ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూస్తాడు. అంతకు ముందు అలా చూసేవాడు కాదు.

రిజ్వానా అందరికంటే ఆలస్యంగా వచ్చింది. భుజం కుదుటపడడానికి రెండు నెలలు పట్టింది. వచ్చినా వినీలతో మాట్లాడేది కాదు. టీ ఇస్తే బల్ల మీద పెట్టమన్నట్టు కళ్లతో చూపేది. ఎంత సాధన చేసినా ఆ అమ్మాయి చేతికి విడుపు తనంతట తాను రాలేదు. అందరికంటే ముందు నేర్చుకున్న చెయ్యి కాబట్టి, అందరికంటే లోతుగా దిగిపోయింది.

ఒక శుక్రవారం ఉదయం వినీల షెడ్డులోకి వచ్చేసరికి రిజ్వానా ఒక్కతే ఉంది. కొమురయ్య కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. రిజ్వానా మైక్రోమీటర్‌తో షాఫ్టు కొలుస్తోంది. చెయ్యి అడ్డంగా ఊగింది, పొడుగునా ఊగింది, మళ్లీ అడ్డంగా ఊగబోయింది. అప్పుడు ఆ అమ్మాయి పైకి అంది, షాఫ్టుకు కాదు, చేతికే చెబుతున్నట్టు.

"నలభై పాయింట్ జీరో జీరో మూడు."

చెయ్యి లేచింది.

వినీల గుమ్మంలోనే నిలబడిపోయింది. రిజ్వానా అదే షాఫ్టును మళ్లీ కొలిచింది, మళ్లీ పైకి చెప్పింది, మళ్లీ విడిచింది.

"తగ్గిందా?" అంది వినీల, ఉండబట్టలేక.

"తగ్గలే." రిజ్వానా తిరిగి చూడకుండానే జవాబిచ్చింది. నాలుగు నెలల్లో ఆమెతో అన్న మొదటి మాట అది. "దానంతట అది ఎన్నడూ ఇడ్వదు. అంకె చెప్తే ఇడుస్తది. బస్సుల రాడ్డుకు అంకె లేదు గద, అప్పుడు చాలు అంట. అమ్మీ చెయ్యి పట్టుకున్నప్పుడు గూడ అంట. ఆమె నవ్వుతది."

"ప్రతిసారీ అనాల్నా?"

"ప్రతిసారీ."

వినీల పుస్తకం తెరిచి ఆ మాట రాసుకోబోయింది. రిజ్వానా లేచి వచ్చి పుస్తకం మూసేసింది.

"మీ చెయ్యి ఎట్లుంది?"

"నాది తర్వాత..."

"అందరిది రాస్తున్నరు. మీది ఏడ రాసిన్రు?" ఆ అమ్మాయి గొంతులో జాలి లేదు. "ఇట్ల రండి. కూసోండి."

వినీల బల్ల దగ్గర కూర్చుంది. మైక్రోమీటర్ చేతిలోకి తీసుకుని పక్క వైసులోని షాఫ్టు మీదికి తెచ్చింది. అంచు ఆనింది. చెయ్యి మొదలుపెట్టింది. రిజ్వానా తన చేతిని ఆమె చేతి మీద వేసింది, కొమురయ్య వేసినట్టే, బరువు పడకుండా. అడ్డంగా ఊగింది. పొడుగునా ఊగింది. దొరికినట్టే ఉంది. కానీ ఇంకొక్కసారి ఊపితే ఇంకా బాగా తెలుస్తుందనిపించింది. చెయ్యి ఊగింది.

"చెప్పండి" అంది రిజ్వానా.

"ఇంకా సరిగ్గా..."

"సరిగ్గ ఎన్నడూ రాదు. చెప్పండి మేడం, నాకు పనుంది."

"ముప్పయి తొమ్మిది పాయింట్ తొమ్మిది తొమ్మిది ఎనిమిది."

చెయ్యి వదల్లేదు. మళ్లీ చెప్పింది. వేళ్లు ఇంకా గట్టిగా బిగిశాయి. రిజ్వానా చెయ్యి తీయలేదు, నొక్కలేదు, అలాగే ఉంచింది. మూడోసారి చెప్పినప్పుడు చూపుడువేలు ఒక్కటి, చాలా నెమ్మదిగా, పైకి లేచింది. మిగిలినవి కదల్లేదు.

"ఒకటొచ్చింది" అంది రిజ్వానా. రెండో చేత్తో తన స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.